పగ తీరిన తెల్లారి

మా అమ్మాయి డిగ్రీ చదువు కోసం 2022లో హైదరాబాదు వెళ్ళిపోతూ దమ్మాంలో మా ఇంట్లో రెండు అట్టపెట్టెలు వదిలిపెట్టింది. ఒకదాన్నిండా పాత స్కూలు నోటుబుక్కులు. రెండోదాన్నిండా కథల పుస్తకాలు. "నోటుబుక్కులు ఏమన్నా చేస్కో డాడీ, ఆ రెండో డబ్బా మాత్రం ముట్టకు" అని చెప్పి విమానం ఎక్కింది. ముట్టకు అన్నాక ముట్టకుండా ఉండటం ఎవరివల్ల అవుతుంది చెప్పండి? పిల్ల లేని ఇంట్లో శుక్రవారం సెలవు మరీ పొడుగు. మూడో శుక్రవారానికే డబ్బా విప్పాను.

పైన నాలుగు లావు పుస్తకాలున్నాయి. ఒకే వరస నవలలు. అవి నాకు బాగానే గుర్తు, ఎందుకంటే డబ్బులు కట్టింది నేను. జరీర్ బుక్‌స్టోర్‌కి నేను ప్రింటర్ ఇంకు కోసం పోతే తను ఇంగ్లీషు పుస్తకాల అరల దగ్గర నిలబడిపోయేది. అప్పట్లో అట్టల మీద ముసుగు మొహాలూ, కత్తులూ చూసి "ఇవేం పుస్తకాలు బిడ్డా, చిన్నపిల్లలవా పెద్దోళ్ళవా" అని అడిగితే, "రెండూ కాదు, మధ్యలోవాళ్ళవి" అంది. యంగ్ ఎడల్ట్ అంటారట. మా రోజుల్లో ఆ మధ్యలో వయసుకి విడిగా పుస్తకాలు లేవు. చందమామ దాటితే తిన్నగా యండమూరి.

నేను కరీంనగర్ జిల్లా పల్లెటూళ్ళో చదువుకుని, ఎలక్ట్రికల్ పనిమీద జుబైల్ వచ్చి, సూపర్‌వైజరుగా స్థిరపడినవాణ్ణి. ఇంగ్లీషు డ్రాయింగులూ పర్మిట్లూ చదవటం అలవాటే గాని నవల చదవటం వేరు. నాలుగు పుస్తకాలూ పూర్తి చెయ్యటానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఈ వ్యాసం ప్రధానంగా నాలుగోదాని గురించి. పగ కథని మొదలుపెట్టటం ఎవరికైనా చేతనవుతుంది, ముగించటమే కష్టం. ఆ కష్టం నాకు కొంత సొంతంగా తెలుసు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రచయిత్రి పేరు సబా తాహిర్. పాకిస్తానీ కుటుంబం. కాలిఫోర్నియాలో మొహావీ ఎడారిలో తల్లిదండ్రులు నడిపిన పద్దెనిమిది గదుల మోటెల్లో పెరిగింది. మోటెల్లూ వలస కుటుంబాలూ అనగానే అమెరికాలో ఉన్న మనవాళ్ళకి వెంటనే ఒక బొమ్మ కనిపిస్తుంది. ఎడారి అనగానే మాకు ఇంకో బొమ్మ కనిపిస్తుంది. తర్వాత ఆమె వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో పనిచేసింది. కాశ్మీరులో సైన్యం పట్టుకుపోయిన మగవాళ్ళ కోసం ఎదురుచూసే ఆడవాళ్ళ గురించి అక్కడ చదివిన కథనమే ఈ నవలలకు బీజమని ఆమె చెప్పుకుంది. మొదటి భాగం 'యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్' 2015లో వచ్చింది. రెండోది 'ఎ టార్చ్ ఎగెనెస్ట్ ద నైట్' 2016లో, మూడోది 'ఎ రీపర్ ఎట్ ద గేట్స్' 2018లో, చివరిది 'ఎ స్కై బియాండ్ ద స్టార్మ్' 2020 డిసెంబరులో. నిప్పురవ్వతో మొదలై, తుఫాను దాటాక కనిపించే ఆకాశంతో ముగుస్తుందన్నమాట. ఆ ఆకాశం నిజంగా కనిపించిందా లేదా అన్నదే నా ప్రశ్న.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. రోమన్ సామ్రాజ్యాన్ని తలపించే ఒక రాజ్యం. దాన్ని ఏలేవాళ్ళు మార్షల్స్, అంటే యుద్ధం చేసే జాతి. వాళ్ళ కాళ్ళకింద నలిగేవాళ్ళు స్కాలర్లు, ఒకప్పుడు పుస్తకాలూ విద్యలూ ఉన్న జాతి, ఇప్పుడు బానిసలు. లాయా అనే స్కాలర్ పిల్ల ఇంటిమీద ఒక రాత్రి దాడి జరుగుతుంది. తాతనీ అమ్మమ్మనీ చంపేస్తారు, అన్నను పట్టుకుపోతారు. అన్నను విడిపించుకోవటానికి ఆ పిల్ల సైనిక విద్యాలయంలో బానిసగా, గూఢచారిగా చేరుతుంది. అక్కడే ఇలియాస్ అనే యువకుడు, హెలీన్ అనే యువతి సైనికులుగా తయారవుతుంటారు. ఆ విద్యాలయాన్ని నడిపే కమాండెంట్ కెరిస్, ఇలియాస్‌ను కన్నతల్లి. కన్నదన్న మాటేగాని తల్లి కాదు.

వీళ్ళందరి వెనక ఇంకొకడున్నాడు. నైట్‌బ్రింగర్, అంటే రాత్రిని తెచ్చేవాడు. జిన్నుల రాజు. వెయ్యేళ్ళ కింద స్కాలర్లు అధికారం కోసం అతని జాతి మీద పడ్డారు. పిల్లలతో సహా చంపారు. మిగిలినవాళ్ళను ఒక తోపులో బంధించారు. అప్పట్నించి అతనికి రెండే పనులు. తనవాళ్ళను విడిపించుకోవటం, పగ తీర్చుకోవటం. విడిపించే మహిమ ఉన్న వస్తువు ముక్కలై లోకమంతా చెదిరిపోయింది. ఒక్కో ముక్కనీ దాని సొంతదారు నమ్మి, ప్రేమతో అతనికి ఇవ్వాలి. లాక్కుంటే పనిచెయ్యదు. అందుకని అతను మనిషి వేషంలో వచ్చి మనుషుల ప్రేమను సంపాదిస్తాడు. లాయా దగ్గర కూడా అలాగే సంపాదించాడు. రెండో భాగంలో ఆ సంగతి బయటపడ్డప్పుడు మా అమ్మాయి పుస్తకాన్ని గోడకేసి కొట్టిందని వాళ్ళమ్మ చెప్పింది. నేను కొట్టలేదు గాని లేచి టీ పెట్టుకున్నాను.

మూడో భాగం చివరలో అతను తనవాళ్ళను విడిపించుకుంటాడు. వెయ్యేళ్ళ బందీఖానా తలుపు తెరుచుకుంది. మామూలు రచయితయితే కథను ఇక్కడే ముగించవచ్చు. లేదా, విడిపించుకున్నాక అతను తనవాళ్ళను తీసుకుని ఎక్కడికన్నా పోవచ్చు. చివరి భాగం పుట్టింది సరిగ్గా ఈ చోటే. కావలసింది దొరికింది, అయినా పగ తీరలేదు. నాలుగో పుస్తకం మొదలయ్యేది అతని గొంతుతోనే. ఈసారి తప్పు చేసినవాళ్ళను చంపితే చాలదు. ఊళ్ళూ పట్నాలూ తగలబెట్టి, చనిపోయినవాళ్ళ ఆత్మల్లోని బాధనంతా పోగుచేసి, ఆ బాధను మొత్తం లోకం మీదికి వదలాలని చూస్తాడు. వెయ్యేళ్ళ కింద అతని పిల్లల్ని చంపినవాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిశారు. అప్పు తీసుకున్నవాడు పోయాడు, పత్రం చినిగిపోయింది, వడ్డీ మాత్రం ముని మనవళ్ళ దగ్గర వసూలు అవుతోంది. వడ్డీ సంగతి మా జిల్లావాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ భాగంలో నాకు అన్నిటికంటే నచ్చింది, రచయిత్రి ఇతని దుఃఖాన్ని తక్కువ చెయ్యకపోవటం. చందమామ కాలం నుంచి మనకు మాంత్రికులు బాగా తెలుసు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 'తోకచుక్క' మొదలుకొని పాతికేళ్ళపాటు రాసిన సీరియళ్ళ మీద మా తరం పెరిగింది. ఆయన పేరు కూడా అందులో వేసేవాళ్ళు కాదు, అది వేరే కథ. ఆ మాంత్రికులు భయపెట్టేవాళ్ళు, నవ్వించేవాళ్ళు, చివరికి చచ్చేవాళ్ళు. వాళ్ళకోసం మనం ఏడవలేదు. ఏడవాలని ఆయనా కోరలేదు. ఇక్కడ అలా కాదు. నైట్‌బ్రింగర్‌కి మొదట్లో పని ఏమిటో తెలుసా? చనిపోయినవాళ్ళ ఆత్మలను ప్రేమగా ఓదార్చి అవతలి గట్టు చేర్చటం. అతని అసలు పేరుకి అర్థం ప్రియమైనవాడని. ఓదార్చటమే వృత్తిగా ఉన్నవాడు తన పిల్లల చావు దగ్గర తనని తాను ఓదార్చుకోలేకపోయాడు. ఇది చదువుతున్నప్పుడు శత్రువు మీద కోపం పోదు, కాని కోపంతోపాటు ఇంకోటి కూడా వచ్చి కూర్చుంటుంది. అదేమిటో చెప్పటానికి నాకు మాట దొరకలేదు.

పేర్ల గురించి ఒక మాట. అమెరికాలో చదివేవాళ్ళకి ఇవి వింత పేర్లుగా కనిపిస్తాయేమో. హైదరాబాదు ఉర్దూ చెవిన పడ్డవాళ్ళకీ, ఇక్కడి అరబ్బీతో రోజూ పనిచేసే మాకూ ఇవి చుట్టాల్లా ఎదురొస్తాయి. ఆత్మలను ఏలే శక్తి పేరు మౌత్, అంటే చావు. ఎడారి తెగల్లో కథలు చెప్పే ఆడమనిషిని కెహానీ అంటారు. కహానీ అన్నమాట. తిరుగుబాటుదారుల నినాదం ఇజ్జత్. నాలుగో భాగంలో లాయా లోపల మేలుకునే ఒక పురాతన శక్తి ఉంది. దాని సాయం లేకుండా నైట్‌బ్రింగర్‌ను ఆపటం సాధ్యం కాదు. దాని పేరు రెహ్మత్. రెహ్మత్ అంటే దయ, కరుణ. ఇక్కడ ఆఫీసులో వచ్చే ప్రతి కాగితం మీదా దేవుడి పేరు పక్కన మొదట కనిపించేది ఆ ధాతువే. వెయ్యేళ్ళ పగను ఎదుర్కోవటానికి రచయిత్రి దాచిపెట్టిన ఆయుధానికి దయ అని పేరు పెట్టింది. పైగా ఆ రెహ్మత్ బయటిది కాదు, ఒకప్పుడు నైట్‌బ్రింగర్ భార్య. అంటే పగపట్టినవాడి ఇంట్లోంచి వెళ్ళిపోయిన దయే తిరిగి వచ్చి వాడి ఎదురుగా నిలబడిందన్నమాట. ఈ అర్థం ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పాఠకుడికి అందదు. మనకు అందుతుంది. వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇలా ఇంటి తాళంచెవిని వాకిట్లో ముగ్గు కింద దాచినట్టు దాస్తారేమో అనిపించింది.

మా అమ్మాయికి ఫోనులో ఈ మాట చెప్తే, "డాడీ, నువ్వు నిజంగా చదువుతున్నావా!" అని కాసేపు నవ్వి, "ఇది అశ్వత్థామ కథ గదా, నాకప్పుడే అనిపించింది" అంది. చిన్నప్పుడు పండుకునే ముందు నేను చెప్పిన భారతం దానికింకా గుర్తుంది.

ఆలోచిస్తే నిజమే. మన భారతం పగల సీరియలే. ద్రుపదుడు ద్రోణుణ్ణి అవమానించాడు. ద్రోణుడు శిష్యుల చేత ద్రుపదుణ్ణి కట్టి తెప్పించాడు. ద్రుపదుడు యజ్ఞం చేసి ద్రోణుణ్ణి చంపే కొడుకును కన్నాడు. ఆ ధృష్టద్యుమ్నుడు ద్రోణుడి తల నరికాడు. ద్రోణుడి కొడుకు అశ్వత్థామ, మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ చంపటం చూసి, అర్ధరాత్రి శిబిరంలో దూరి ధృష్టద్యుమ్నుణ్ణీ, ద్రౌపది అయిదుగురు కొడుకుల్నీ చంపాడు. ఒక్కో భాగం ఇంకో భాగాన్ని కంటూ పోయింది. మరి దీన్ని ఆపిందెవరు? సౌప్తిక పర్వంలో ద్రౌపది అశ్వత్థామ తల మీది మణి కావాలంటుంది. మణి తెచ్చి ఇస్తారు. అతను నెత్తురోడే గాయంతో వేల ఏళ్ళు తిరగాలని కృష్ణుడి శాపం. భాగవతంలో పోతన చూపించిన ద్రౌపది వేరు. కట్టి తెచ్చిన అశ్వత్థామను విడిచిపెట్టమంటుంది. తన కొడుకుల కోసం తను ఏడుస్తున్నట్టే ఇతని తల్లి కృపి ఏడుస్తుంది కదా అని ఆమె బాధ. భీముడు ఒప్పుకోడు. చివరికి చావు తప్పుతుంది, అవమానం మిగులుతుంది.

ఈ రెండు ద్రౌపదుల మధ్య ఉన్నదే సబా తాహిర్ చివరి భాగం. నైట్‌బ్రింగర్ ఒకే మనిషిలో ద్రౌపదీ అశ్వత్థామా. పిల్లల్ని పోగొట్టుకున్నదీ అతనే, పిల్లల్ని చంపేదీ అతనే. అతని ఎదురుగా ఉన్న లాయా కూడా అందర్నీ పోగొట్టుకున్నదే. తన వెయ్యేళ్ళు, ఆమె ఇరవై ఏళ్ళు. లెక్క చూస్తే అతనిదే పెద్ద నష్టం. కాని దుఃఖాల్లో చిన్నా పెద్దా చూడటం మొదలుపెట్టిన దగ్గరే పగ పుడుతుందని ఈ పుస్తకం మెల్లగా చెబుతుంది. అతని అంతం ఎలా వస్తుందో నేను చెప్పను, చదవబోయేవాళ్ళ నోటి దగ్గరి ముద్ద లాక్కోవటం పాపం. కాని ఒక్కటి చెప్తాను. పుస్తకం ముగిసేసరికి అతని కథను చెప్పే బాధ్యత లాయా మీద పడుతుంది. శత్రువు కథని శత్రువు పక్షాన నిలబడి చెప్పాల్సి రావటం. క్షమ అనే పెద్ద మాటకంటే ఇది నాకు నమ్మదగ్గదిగా కనిపించింది.

ఇక నచ్చనివి. విమర్శ అన్నాక అవీ చెప్పాలి.

మొదటిది, నిడివి. నడుమ భాగంలో యుద్ధం మీద యుద్ధం. ఎవరు ఎక్కణ్ణించి ఎక్కడికి పోతున్నారో నేను కాగితం మీద గీసుకోవాల్సి వచ్చింది. కేబుల్ రూటింగ్ డ్రాయింగు ఇంతకంటే సులువు. రెండోది, గొంతులు. లాయా, ఇలియాస్, హెలీన్ ముగ్గురూ 'నేను' అనే చెప్తారు. అధ్యాయం పైన పేరు తీసేస్తే, కొన్నిచోట్ల మాట్లాడేది ఎవరో పట్టుకోవటం కష్టం. స్కాలర్ల ఇంట్లో పుట్టిన పిల్ల, దొరల ఇంట్లో పుట్టిన పిల్ల ఒకే పలుకుబడితో ఎలా మాట్లాడతారు? మన దగ్గర కరీంనగర్ మనిషీ గుంటూరు మనిషీ నోరు తెరిస్తే ఇట్టే తెలిసిపోతుంది. మూడోది, కమాండెంట్ కెరిస్. నాలుగు భాగాలపాటు మనల్ని వణికించిన మనిషి ఎందుకలా అయిందన్నది చివర్లో హడావిడిగా సర్దినట్టుంది. జిన్నుల రాజుకి దొరికిన ఓపిక ఈ మనిషికి దొరకలేదు.

నాలుగోది అసలైనది. చివర్లో హెలీన్ మహారాణి అవుతుంది. ఆమె తక్కువ పోగొట్టుకోలేదు. తల్లినీ తండ్రినీ ఒక చెల్లెల్నీ రెండో భాగంలో, ఉన్న ఇంకో చెల్లెల్నీ ప్రేమించినవాణ్ణీ ఈ భాగంలో. నిజాయితీ గల మనిషి. ఆమె ఏలితే జనం సుఖపడతారని మనకు నమ్మకం కలుగుతుంది. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. సామ్రాజ్యం చేసిన ఇంత ఘోరం చూపించి, చివరికి సామ్రాజ్యానికి మందు మంచి మహారాణి అని చెప్పి పంపిస్తే ఎట్లా?

ఈ మాట గల్ఫులో ఉన్నవాడు తప్పకుండా అడుగుతాడు. ఇక్కడికి వచ్చిన ప్రతి మనిషీ మొదట నేర్చుకునే మాట కఫీల్. మన వీసాకి పూచీదారు. ఇంట్లోవాళ్ళు ఫోనులో మొదట అడిగేది కూడా "కఫీల్ మంచోడేనా?" అనే. నాకు మంచోడు దొరికాడు. రంజాన్‌కి ఖర్జూరాలు పంపేవాడు, మా నాయిన పోయినప్పుడు ఆ పూటే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వేయించి టికెట్ కొనిచ్చాడు. కాని నాకు మంచి కఫీల్ దొరికినంత మాత్రాన కఫాలా మంచిదైపోదు. మంచితనం అవతలివాడి ఇష్టం మీద ఉన్నంతకాలం మన బతుకు లాటరీయే. 2021 మార్చిలో ఇక్కడ ఉద్యోగం మారటానికీ దేశం దాటి వెళ్ళటానికీ యజమాని దయ మీద ఆధారపడటం తగ్గిస్తూ సంస్కరణలు వచ్చాయి. సంతోషించాం. కాని ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ, గొర్రెలూ ఒంటెలూ కాసేవాళ్ళకీ అప్పుడవి వర్తించలేదు. అందరికంటే ఎక్కువగా కావలసింది వాళ్ళకే. హెలీన్ రాజ్యంలో ఆఖరి బానిస సంగతి ఏమైందని నేను వెతుక్కున్నది ఇందుకే. రచయిత్రి 2024లో అదే లోకంలో, ఇరవై ఏళ్ళ తర్వాత జరిగే 'ఎయిర్' అనే కొత్త నవల మొదలుపెట్టింది. వారసుడు అని అర్థం. ముగిసిందన్న కథ మళ్ళీ మొదలైందంటే సామ్రాజ్యంలో మిగిలిపోయిన లెక్కలు ఆమెకూ కనిపించాయేమో.

ఇప్పుడు మొదట్లో చెప్తానన్న నా సంగతి.

2009లో మా తమ్ముణ్ణి ఇక్కడికి పంపింది మా ఊరి ఏజెంటే. ఊరి వరసకి నాకు మామ అవుతాడు. ఆజాద్ వీసా అన్నాడు, ఎక్కడైనా పనిచేసుకోవచ్చన్నాడు. లక్షా ఇరవై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. వచ్చాక చూస్తే పనీ లేదు, వీసా మీద పేరున్న యజమానీ దొరకలేదు. తమ్ముడు ఖల్లివెల్లి అయ్యాడు. కాగితాలు లేని మనిషిని ఇక్కడ మనవాళ్ళు అలాగే అంటారు. నాలుగేళ్ళు దొంగలా బతికాడు. 2013లో కాగితాలు సరిచేసుకోవటానికో, వెళ్ళిపోవటానికో గడువు ఇచ్చినప్పుడు ఖాళీ చేతుల్తో ఇంటికి పోయాడు. ఆలోపు రెండెకరాలు పోయింది. మా నాయిన ఆ పొలం గట్టు దిక్కు మళ్ళీ పోలేదు.

నేను ఒక చిన్న నోటుబుక్కులో లెక్క రాసుకున్నాను. అసలు ఎంత, వడ్డీ ఎంత, పొలం అప్పటి రేటు ఎంత, ఇప్పటి రేటు ఎంత. ఏటా జనవరిలో కొత్త రేటు వేసేవాణ్ణి. ఎవరికీ చూపించలేదు. ఎప్పటికైనా ఆ మనిషి ముందు ఆ పుస్తకం విప్పాలని. నాకు అప్పటికి తెలీదుగాని, నేనూ ముక్కలు పోగుచేస్తున్నాను.

2019 ఫిబ్రవరిలో ఆ ఏజెంటు కొడుకు జుబైల్లో క్యాంపులో నిద్రలో పోయాడు. ఇరవై ఆరేళ్ళు. గుండె ఆగిందన్నారు. మామ నాకు ఫోన్ చేశాడు. మొదటిసారి ఎత్తాను. "అల్లుడా, పిలగాడు పోయిండట. నీ కాల్మొక్త, జెర చూడు బిడ్డా" అన్నాడు. "డ్యూటీల ఉన్న, మళ్ళ చేస్త" అని పెట్టేశాను. డ్యూటీలో లేను. గదిలో కూర్చున్నాను. ఆ రోజంతా ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు. లెక్క పుస్తకం తీసి చూశాను కూడా. ఆ కాగితాల మీద నాకు సంతోషం దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదని చెప్తే మంచివాణ్ణనిపించుకోవచ్చుగాని, అది నిజం కాదు. కొంచెం దొరికింది. ఆ కొంచెమే నన్ను ఇప్పటికీ వదలదు.

మర్నాడు పొద్దున తమ్ముడు ఊర్నించి చేశాడు. "అన్నా, ఫోన్ ఎత్తుతలేవట. ఎంబసీ కాగితం, ఇక్కడి అంగీకార పత్రం ఏమేం గావాల్నో చెప్పు, నేను నోటరీ చేయించి పంపిస్త." వాడే. ఆ మనిషి చేతిలో నాలుగేళ్ళు పోగొట్టుకున్నవాడు. నాకు కోపం వచ్చింది. "వానికి నువ్వు చేసేదేంది?" అన్నాను. "వానికి గాదన్నా. ఆమె తలాపునే కూసొని ఉన్న. పొయ్యి ముట్టియ్యలే రెండొద్దులసంది." ఆమె అంటే ఏజెంటు భార్య. పిలగాడి తల్లి.

ఆ పూట బయల్దేరాను. ఆస్పత్రి రిపోర్టు, పోలీసు ఉత్తరం, కంపెనీ నుంచి బకాయిల లెక్క, ఎంబసీ ఎన్.ఓ.సీ., ఫైనల్ ఎగ్జిట్, ఎంబామింగ్, కార్గో బుకింగ్. ఇదంతా తెలిసినవాడు ఉంటే రోజులు, లేకపోతే నెలలు. పెట్టె శంషాబాదులో దిగినప్పుడు తీసుకోవటానికి పోయింది మా తమ్ముడే. నేను చేసింది తక్కువేం కాదు. కాని ఆ ఒక్కరోజు మాత్రం ఎటూ పోలేదు. ఆ తల్లి పొయ్యి ముట్టించని రెండు దినాల్లో ఒకటి నేను చేర్చింది.

తమ్ముడు భాగవతం చదవలేదు. కృపి ఎవరో వాడికి తెలీదు. ఇక్కడి చట్టంలో హత్యకు ప్రతీకారం కోరే హక్కు చనిపోయినవాడి వారసులకే ఉంటుంది. వాళ్ళు కోరవచ్చు, పరిహారం తీసుకుని వదలవచ్చు, ఏమీ తీసుకోకుండానే క్షమించవచ్చు. ఆ మూడో దారి కాగితం మీద ఉన్నా, నడిచేవాళ్ళు ఎక్కడో గాని ఉండరనుకునేవాణ్ణి. మా ఇంట్లోనే ఒకడున్నాడు. అలాగని వాడు అంతా మరిచిపోయాడనుకోకండి. "మామా, మా పైసల సంగతి పెద్దమనుషుల్ల మాట్లాడుదాం" అని పెద్దకర్మ అయిన నెలకి వాడే అన్నాడు. మాట్లాడారు. కొంత వచ్చింది, చాలావరకు రాలేదు. పగ వేరు, బాకీ వేరు. వాడికి ఆ తేడా తెలుసు. ఈ పుస్తకానికి అది సగమే తెలుసు. పగ ఎలా ఆగుతుందో గొప్పగా చెప్పింది, బాకీ ఎవరు తీర్చాలో చెప్పకుండా సింహాసనం మీద మంచి మనిషిని కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

అయినా మీ పిల్లల చేతికి ఈ నాలుగు పుస్తకాలూ ఇవ్వమనే చెప్తాను. అక్కడి తాతలు, ఇక్కడి తండ్రులు కూడా చదవండి. మన పిల్లలు ముసుగు మొహాల అట్టల వెనక ఏం చదువుతున్నారో మనకు తెలియాలి. వాళ్ళు చదువుతున్నది మన కథే కావచ్చు.

మొన్న అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు డబ్బా విప్పి చూసింది. నాలుగో పుస్తకంలో నా చిన్న నోటుబుక్కు దొరికింది. పేజీ గుర్తు కోసం పెట్టి మరిచిపోయాను. తిరగేసింది. "ఏంటివి డాడీ, ఈ లెక్కలు?" అంది. 2019 జనవరి తర్వాత రేటు వెయ్యలేదని అప్పుడు చూశాను. "కూసో బిడ్డా, చెప్త" అన్నాను. మొదలుపెట్టింది మా తమ్ముడి వీసా దగ్గర కాదు. నిద్రలో పోయిన ఆ పిలగాడి దగ్గర.